తలంబ్రాల వేళ ఫ్లాష్ పగ్గాలు ఎవరివి?

నాతవరం, నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్లలో అర్ధరాత్రి ముహూర్తానికి పందిట్లో జరిగే పెళ్లిని మించిన పరీక్ష ఫ్లాష్‌కు లేదు. చుట్టూ చీకటి, పైన సీరియల్ బల్బులు, పీటల మీద జంట. చాలా ఇళ్లలో జీలకర్ర బెల్లం పట్టుబట్టల్లో, మంగళసూత్రధారణ మధుపర్కాల్లో. నడుమ తెల్లటి అడ్డుతెర. ఆటోలో పెట్టిన ఫ్లాష్ సరిగ్గా ఇక్కడే తడబడుతుంది. టీటీఎల్ పద్ధతిలో ఫ్లాష్ ముందుగా చిన్న మెరుపు వదులుతుంది. తిరిగొచ్చిన వెలుగును కెమెరా లెన్సు గుండా కొలిచి, అసలు మెరుపు ఎంతుండాలో తేలుస్తుంది. ఎదుట ఉన్నది మధ్యరకం బూడిదరంగేనని దాని నమ్మకం. తెల్లటి మధుపర్కాలతో ఫ్రేము నిండితే వెలుగు ఎక్కువైందని తగ్గిస్తుంది, ముఖాలు నల్లబడతాయి. వెనక చీకటి ఎక్కువ పడితే పెంచేస్తుంది, పెళ్లికూతురి ముఖం సున్నం కొట్టినట్టు తేలుతుంది. మనుషులు కదల్లేదు, ఫ్లాష్ కదల్లేదు. మారిందల్లా రంగు.

ముఖం మీద పడే వెలుగుకు కావలసింది దూరం లెక్క, రంగు కాదు. అందుకే పీటల దగ్గర మాన్యువలే మేలంటాను. ఫ్లాష్ సత్తాను చెప్పే గైడ్ నంబరును దూరంతో భాగిస్తే ఎపర్చర్ వస్తుంది. ఐఎస్ఓ 100 దగ్గర గైడ్ నంబరు 40 ఉన్న ఫ్లాష్‌కు 5 మీటర్ల దూరంలో ఎఫ్/8. పవర్ నాలుగో వంతుకు దించి ఐఎస్ఓ 400 చేసినా అదే ఎఫ్/8, పైగా ఫ్లాష్ త్వరగా చార్జవుతుంది. ఫ్లాష్ వెలుగుకు ఎపర్చర్, బల్బుల వెలుగుకు షట్టర్ స్పీడ్: ఈ రెండు పగ్గాలూ విడివిడిగా పట్టినవాడి ఫొటోలో ముఖమూ వెలుగుతుంది, పందిరీ బతుకుతుంది. ఈ మాన్యువల్ లెక్క కొత్తదేమీ కాదు. పూర్వం మెగ్నీషియం పొడి అంటించేవారట, తర్వాత ఒక్కసారికే మాడిపోయే బల్బులొచ్చాయి. ఆ బల్బులతోనే న్యూయార్క్ రాత్రుల్ని పట్టిన ఫొటోగ్రాఫర్ వీజీ ఎఫ్/16, సెకనులో 200వ వంతు, పది అడుగుల దూరం ముందే బిగించుకుని తిరిగేవాడు. ఎంత ధీమా! 36 ఫొటోల రీలు వేసుకుని, వెనక తెర లేని కెమెరాతో పెళ్లంతా లాగిన మన ఊళ్ల ఫొటోగ్రాఫర్లది అంతకు తక్కువ పనితనమేమీ కాదు.

ఆటో వెలుగును మనమే పెంచి తగ్గించుకునే ఫ్లాష్ కాంపెన్సేషన్ ఉండగా ఆటోకేం లోటని అడుగుతారు. తెల్లబట్టలకు ఒక స్టాపు, అంటే రెట్టింపు, పెంచితే సరిపోతుంది, నిజమే. కానీ అడ్డుతెర దిగగానే ఆ పెంచింది ఎక్కువైపోతుంది, ఫ్రేము ఫ్రేముకూ దిద్దుకోవాలి. ఊరేగింపులో సంగతి వేరు. దూరం అడుగడుగునా మారుతుంది, అక్కడ ఆటో పెట్టనివాడిది మొండితనమే. 1975లో ఒలింపస్ ఓఎం-2 కెమెరా ఫ్లాష్ వేళ ఫిల్ము మీద పడే వెలుగునే కొలవడం ఆటోకు గొప్ప మేలే. తలంబ్రాలు మాత్రం మళ్లీ మాన్యువల్ సొత్తు. చాలా ఫ్లాష్‌లలో పవర్ తగ్గించేకొద్దీ మెరుపు నిడివి కుదించుకుపోతుంది. 16వ వంతు దగ్గర సెకనులో కొన్ని వేలవ వంతే, బియ్యపు గింజలు గాల్లోనే నిలిచిపోతాయి. హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో పాలచుక్క చిందిన కిరీటాన్ని ఫొటోలో ఆపింది ఇలాంటి క్షణకాలపు మెరుపుతోనే.

ఇంత విద్య చేతిలో ఉండగా ఇప్పుడు జరుగుతున్నదేమిటి? వీడియో కోసం పెట్టిన ఎల్ఈడీ లైట్ల కింద జంట కళ్లు చికిలిస్తుంటే, ఫ్లాష్ ఆటోలో వదిలేసి, మిగతాది కంప్యూటర్లో చూసుకుందామనడం! కాలిపోయిన తెలుపును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అందుకని ఒక రెడీమేడ్ ఫిల్టరు పూసి, ఇంటింటి పెళ్లికూతురికీ ఒకే పాలిపోయిన రంగు అంటిస్తున్నారు. చామనఛాయ ముఖాన్ని ఉన్నదున్నట్టు చూపడం చేతకాక దాన్ని తెల్లగా మార్చడం మోసం. పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడుకునేవాళ్లకు నాదొక్కటే మనవి: ఆల్బమ్ అట్టలు, డ్రోన్ షాట్లు పక్కన పెట్టి, దిద్దని తలంబ్రాల ఫొటోలు వరసగా పది చూపించమనండి. పదింటిలోనూ ముఖం రంగు ఒకేలా ఉంటే అడ్వాన్సు ఇవ్వండి.