‘గారు’ ఎవరికి, ‘రా’ ఎవరికి?

దళిత కవులకు మర్యాద తెలియదని ‘చిక్కనవుతున్న పాట’ (1995) వచ్చిన నాటి నుంచీ వింటున్నాం. తిట్లున్నాయంటారు, సభ్యత లేదంటారు. ఈ మాటలనే విమర్శకులు కవిత దగ్గరే ఆగిపోతారు. నేను నాచారం నుంచి మొదలుపెడతాను.

నాచారం పారిశ్రామికవాడలో మా నాయన ఒక షెడ్డులో హమాలీ. సెలవుల్లో నేను సద్ది గిన్నె పట్టుకుపోయేవాణ్ని. అక్కడి సూపర్‌వైజర్‌కు పాతికేళ్లు కూడా ఉండవు. మేనేజర్ని ‘సార్, మీరు’ అనేవాడు. అకౌంటెంటును ‘గారూ’ అనేవాడు. మా నాయన దగ్గరికొచ్చేసరికి ‘ఏరా’. కోపంతో కాదు, నవ్వుతూనే. “ఏరా, కొడుకొచ్చిండా?” “ఔ సార్.” ఇంటికొచ్చినంక అడిగితే నాయన “ఆయన మంచోడే బిడ్డా, అలవాటు” అన్నడు. నా సాహిత్య విమర్శ ఆ అలవాటు దగ్గరే పుట్టింది.

మా తెలంగాణల ‘నువ్వు’ తప్పు మాట కాదు. మా వాడల ముసలామెను సుత “పెద్దమ్మా, తిన్నవా” అనే అడుగుతం. ఇది విని మాకు ‘అండీ’ అనడం రాదని నవ్వినవాళ్లున్నారు. కానీ పెద్దమ్మ కూడా నన్ను “నువ్వు తిన్నవా బిడ్డా” అంటది. పోయిన మాట తిరిగొస్తది. షెడ్డులో ‘రా’ తిరిగి రాదు. నాయన ఒక్కసారి ఆ పిలగాణ్ని ‘ఏరా’ అని ఉంటే మర్నాడు గేటు దాటనిచ్చేవాళ్లు కాదు. అందుకే నా కొలత ఇది: తిరిగి అనగలిగితే ‘నువ్వు’ చుట్టరికం, అనలేకపోతే అది కులం.

‘అండీ’ కథ ఉప్పల్‌లో తెలిసింది. చదువుకునే రోజుల్లో అక్కడ కిరాయి గది కోసం తిరిగాను. ఒక ఇంటాయన కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు. “మీరేమిట్లండీ?” అన్నాడు. చెప్పాను. “అయ్యో, మా బంధువులొస్తున్నారండీ” అన్నాడు. ‘అండీ’ చివరిదాకా ఉంది. గదే లేకుండా పోయింది. ఈయన దగ్గర సభ్యతకు లోటు చూపించమనండి మన విమర్శకులను!

1989 అత్యాచారాల నిరోధక చట్టం నలుగురి కళ్లముందు మమ్మల్ని కావాలని అవమానించడం నేరమంది. 2015 సవరణ కులం పేరుతో తిట్టడాన్ని విడిగా చేర్చింది. పోరాడి తెచ్చుకున్న రక్షణ అది. కానీ కులం పేరెత్తని ‘రా’ను, గది లేదన్న ‘అండీ’ని ఏ సాక్షితో రుజువు చేస్తాం? చట్టానికి చిక్కని ఈ అవమానాన్ని పట్టుకోవలసింది సాహిత్యమే.

పిలుపు మీద తగాదా మా తరంతో మొదలు కాలేదు. 1917లో బెజవాడలో జరిగిన ‘పంచమ’ మహాసభకు హైదరాబాదు నుంచి వెళ్లిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షులు. ఇతరులు పెట్టిన ఆ పేరు మాకొద్దన్నారు. అది ఆది ఆంధ్ర మహాసభ అయింది. దళిత కవి గొంతులోని కటువు ఆ దారిలోదే. తరతరాలుగా ఒక్కవైపే నడిచిన ‘రా’ను అతను వెనక్కి పంపాడు. పంపినవాళ్లకు అది బూతుగా వినబడింది. తమ నోట ఉన్నన్నాళ్లు అది వాళ్లకు ఉత్త అలవాటే.

ఈ కొలత మన మీద కూడా పెట్టుకోవాలె. ‘జై భీమ్’కు జవాబు ‘జై భీమే’. ఎవరు ముందన్నా, ఎవరు తిరిగన్నా మాట ఒక్కటే. అందుకే అది నాకిష్టం. అయితే సభలో పదిమందికి జై భీమ్ చెప్పి ఇంటికి పోయి, ఆలిని “ఏమే, నీళ్లు తే” అంటం. ఆమె మనల్ని “ఏరా” అనదు. అనలేదు. నాయనకు సూపర్‌వైజర్ ఎట్లనో, ఆ గడపలోపల ఆమెకు మనం అట్లనే. రేపు ఆమె కవిత రాస్తది. అందులో తిట్లుంటయి. మర్యాద లేదని అప్పుడు మనం అనొద్దు.