ద్రవంలో దాగిన గాలి

మా ఊరి పాలకేంద్రంలో తెల్లవారుజామున ఒక గాజు కడ్డీదే పెత్తనం. గుమస్తా దాన్ని పాలలో వదిలి, ఎంత మునిగిందో చూసి, నీళ్లు కలిసిందీ లేనిదీ ముఖం మీదే చెప్పేసేవాడు. లాక్టోమీటరు అనే ఆ కడ్డీకి తోబుట్టువు లాంటిది ఒకటి కాలిఫోర్నియాలో సరదాకి రేసు కార్లు కట్టుకునేవాళ్ల పనిముట్ల పెట్టెలో ఉంటుంది. అక్కడ దాని పేరు హైడ్రోమీటరు. పాలకి బదులు మిథనాల్, నీళ్లకి బదులు నైట్రోమిథేన్. మిథనాల్ లీటరు 790 గ్రాములు తూగితే నైట్రోమిథేన్ 1,140 దాకా తూగుతుంది. కొలతలో నూటికి 20 పాళ్లు నైట్రో కలిసిన డబ్బా లీటరుకి 860 గ్రాముల దగ్గర నిలుస్తుంది. పాలకేంద్రంలో కల్తీ పట్టుకోవడానికి కొలుస్తారు, ఇక్కడ కల్తీ సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి కొలుస్తారు. తేడా అంతే.

అసలు ఈ కల్తీ ఎందుకు? ఇంజన్ సంగతి మనం సాధారణంగా తిరగేసి ఆలోచిస్తాం. ఎక్కువ బలం కావాలంటే ఎక్కువ పెట్రోలు పోస్తే సరి అనుకుంటాం. పెట్రోలు ఎంతైనా పోయొచ్చు, దాన్ని మండించే గాలే దొరకదు. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. సిలిండరు ఒక్క గుక్కలో పీల్చేది దాని కొలతకి సరిపడా మాత్రమే. కాబట్టి ఇంజన్‌ని వేధించేది ఆకలి కాదు, ఆయాసం. సిలిండర్లు పెద్దవి చేయడం, సూపర్‌చార్జరుతో గాలిని కుక్కడం, వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచడం, ఇవన్నీ ఆ ఆయాసానికి వైద్యాలే.

నైట్రోమిథేన్ వేరే దారి తొక్కింది. దాని అణువులోనే రెండు ఆక్సిజన్ పరమాణువులున్నాయి, అంటే తన ఊపిరి తానే మోసుకొస్తుంది. కిలో నైట్రో మండడానికి 1.7 కిలోల గాలి చాలు. తూకానికి తూకం చూస్తే అది పెట్రోలు ముందు దిగదుడుపే, కిలోకి పెట్రోలు ఇచ్చే వేడిలో నాలుగోవంతే ఇస్తుంది. కానీ లెక్క వేయాల్సింది కిలో ఇంధనానికి కాదు, కిలో గాలికి. కిలో గాలితో పెట్రోలు సుమారు 3 మెగాజౌళ్ల వేడి ఇస్తే నైట్రో 6.6 దాకా ఇస్తుంది. అదే ఇంజన్, అదే గుక్క, రెట్టింపు పైన వేడి. బదులుగా ఇంధనం మాత్రం కడవలతో పోయాలి. నైట్రో పాలు పెంచినకొద్దీ ఇంధనం దూరే జెట్ల రంధ్రాలు పెద్దవి చేస్తూ పోవాల్సిందే. ఆ మాట మరిచిపోయినవాడి పిస్టన్ నడిమధ్య చిల్లి పడుతుంది.

ఈ విద్య పెద్ద కంపెనీల ప్రయోగశాలల్లో పుట్టలేదు. రెండో ప్రపంచయుద్ధం ముందు నుంచే లాస్ ఏంజెలస్ కుర్రాళ్లు పాత ఫోర్డులు విప్పదీసి, బరువు తగ్గించి, ఎండిన సరస్సుల మీద పరుగులు తీయించేవారు. వాళ్ల క్లబ్బులన్నీ కలిసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. ఆ గుంపులోవాడే విక్ ఎడెల్‌బ్రాక్. ఫోర్డు వీ8 ఇంజన్లకి మెరుగైన మానిఫోల్డులు పోతపోసి అమ్మేవాడు. అప్పట్లో చిన్న రేసు కార్ల పోటీల్లో ఆఫెన్‌హౌసర్ ఇంజన్‌దే రాజ్యం. అది రేసుల కోసమే కట్టిన ఇంజన్, ఖరీదు కూడా ఆ స్థాయిలోనే. ఎడెల్‌బ్రాక్ దగ్గరున్నదేమో ఫోర్డు కంపెనీ 60 గుర్రాల బలంతో చేసిన చిన్న వీ8. బొమ్మ రేసు కార్ల బుల్లి ఇంజన్లలో వాడుకలో ఉన్న నైట్రోమిథేన్‌ని అతను ఆ ఫోర్డులో పోశాడు. 1950 ఆగస్టులో గిల్మోర్ స్టేడియంలో రాడ్జర్ వార్డ్ ఆ కారు నడిపి ఆఫెన్‌హౌసర్లని ఓడించాడు. తర్వాత ఇండియానాపొలిస్ 500 రెండుసార్లు గెలిచిన వార్డ్ ఇతనే. డబ్బాలో ఏముందో కొన్నాళ్లు గుట్టుగానే ఉంచారు. వంటలో రహస్యం ఉన్న హోటలువాడు మసాలా పేరు చెబుతాడా?

నైట్రోని ఒంటరిగా పోయరు. ఔత్సాహికులు మిథనాల్‌ని అడుగు నీళ్లుగా పెట్టుకుని, దాంట్లో 10 పాళ్లో 20 పాళ్లో నైట్రో కలిపి మొదలుపెడతారు. మిథనాల్ ఎందుకంటే అది ఆవిరయ్యేటప్పుడు పెట్రోలుకి మూడింతలు వేడి లాగేసుకుంటుంది. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. లోపలికొచ్చే గాలి చల్లబడి చిక్కబడుతుంది, సిలిండర్ తల కాలిపోకుండా ఉంటుంది. దాని దోషం దాని మంట. పట్టపగలు కంటికి కనిపించదు. 1981 ఇండియానాపొలిస్ పోటీలో రిక్ మియర్స్ కారుకి ఇంధనం పోస్తుండగా మంటలంటుకుంటే, అతనూ సిబ్బందీ గింజుకుంటున్నారే తప్ప చూసేవాళ్లకి నిప్పు ఎక్కడుందో తెలియలేదు. ఇక మిథనాల్ కడుపులోకి పోతే ఏమవుతుందో కల్తీసారా చావుల వార్తలు చదివే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కలపడం సగం పనే. మిగతా సగం స్పార్క్ ప్లగ్గు చదవడం. ఆర్‌ఎక్స్ 100 బైకు మోజులో పెరిగినవాళ్లకి ఇది కొత్త కాదు. మెకానిక్కు ప్లగ్గు విప్పి వెలుతురుకి పట్టి చూసేవాడు. నల్లగా మసిపడితే ఆయిలో పెట్రోలో ఎక్కువైందనీ, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే తక్కువై ఇంజన్ కాగిపోతోందనీ, కాఫీపొడి రంగుకి దిగితే కుదిరిందనీ చెప్పేవాడు. నైట్రోవాళ్లు అదే పని భూతద్దం పెట్టి చేస్తారు. పరుగు అయిన వెంటనే ఇంజన్ ఆపేసి, అన్ని ప్లగ్గులూ విప్పి, సిలిండర్ల వరసలో పేరుస్తారు. ఏ ఎలక్ట్రోడు అంచు కరిగింది, పింగాణి మీద అల్యూమినియం చుక్కలు పడ్డాయా అని వెతుకుతారు. ఆ మెరిసే చుక్కలు పిస్టన్ నుంచి ఊడొచ్చినవి. అవి కనిపిస్తే నైట్రో తగ్గించాలి, లేదా జెట్టు పెంచాలి, లేదా స్పార్కు కాస్త ఆలస్యం చేయాలి. మూడింట్లో ఏదో ఒక్కటే మార్చి మళ్లీ పరుగు తీయించడం పాతకాపుల పద్ధతి. మూడూ ఒకేసారి మార్చినవాడికి బండి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

నైట్రో ఎక్కువైతే ప్రమాదం రెండు రకాలు. ఒకటి, కంప్రెషన్ ఎక్కువున్న ఇంజన్‌లో స్పార్కు కోసం ఆగకుండా తనంత తానే పేలడం. అందుకే ఈ ఇంజన్లలో కంప్రెషన్ కావాలని తగ్గిస్తారు. రెండోది, ఒక ప్లగ్గు చచ్చిపోతే ఆ సిలిండరులో మండని ఇంధనం చెరువులా నిండడం. ద్రవం నొక్కుకుపోదు కదా, పైకొచ్చే పిస్టన్‌కి దారి లేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, లేదా తల ఊడి ఎగురుతుంది. ఇంజన్ బయట కూడా నైట్రో సాధువేం కాదు. 1958 జనవరిలో నయాగరా ఫాల్స్‌లో, జూన్‌లో ఇల్లినాయ్ రాష్ట్రం మౌంట్ పులాస్కీ దగ్గర, నైట్రోమిథేన్ నింపిన రైలు ట్యాంకర్లు పేలిపోయాయి. తర్వాత దాన్ని పీపాల్లో రవాణా చేయడం మొదలైంది. 1960లలో కొందరు నైట్రో చాలక హైడ్రజీన్ కూడా కలిపారు. రాకెట్ల ఇంధనం అది. నైట్రోతో కలిస్తే డబ్బాని తాకడానికే భయపడాల్సిన సరుకవుతుంది. దాన్ని నిషేధించారు, మంచిపని చేశారు.

ఇక్కడ ఒక పిడకలవేట. మన ఊళ్లలో స్పేర్‌పార్టుల షాపుల్లో ఆక్టేన్ బూస్టర్ సీసాలు అమ్ముతున్నారు. ట్యాంకులో పోస్తే పికప్ వస్తుందని కొనేవాళ్లున్నారు. ఆక్టేన్ అంటే బలం కాదు, ఓర్పు. నొక్కిడికీ వేడికీ ఇంధనం తొందరపడి పేలకుండా ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే అంకె. కంప్రెషన్ పెంచిన ఇంజన్‌కి ఆ ఓర్పు అవసరం. 91 ఆక్టేన్‌తో సాఫీగా నడిచే బండికి ఇంకా ఓర్పున్న పెట్రోలు పోస్తే అది ఓర్పుగానే నడుస్తుంది, అంతకుమించి ఏమీ ఉండదు. పైగా సీసా మీద 5 పాయింట్లు పెరుగుతుందని రాస్తే, చాలా సీసాల లెక్కలో పాయింటంటే ఒక అంకెలో పదోవంతు. 91 కాస్తా 91.5 అవుతుందన్నమాట. నైట్రోకీ ఈ సీసాకీ పోలికే లేదు, ఒకటి ఊపిరి తెస్తుంది, ఇంకోటి కోపం ఆపుతుంది.

పెద్దలు నైట్రోని ఆపాలనీ చూశారు. 1957లో డ్రాగ్ రేసులు నడిపే నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ తన పోటీల్లో పెట్రోలు తప్ప మరేదీ వాడకూడదంది. వేగాలు ట్రాకులకి మించిపోతున్నాయన్నది ఒక కారణం. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ నైట్రోవాళ్లు మానలేదు, వేరే చోటికి పోయారు. కాలిఫోర్నియా బేకర్స్‌ఫీల్డ్‌లో స్మోకర్స్ అనే క్లబ్బు 1959 మార్చిలో నైట్రో కార్లని పిలిచి పోటీ పెడితే ఫ్లోరిడా నుంచి డాన్ గార్లిట్స్ దేశం అడ్డంగా దాటి వచ్చాడు. గెలిచింది మాత్రం కాలిఫోర్నియావాడే, ఆర్ట్ క్రిస్మన్. ఆరేడేళ్లకి నిషేధం ఎత్తేయక తప్పలేదు.

నాకు నచ్చిన పరిష్కారం అమెరికాలో వేగపు పరుగులు జరిగే బోనవిల్ ఉప్పు మైదానంలో ఉంది. అక్కడ పెట్రోలు తరగతి వేరు, ఫ్యూయల్ తరగతి వేరు. పెట్రోలు తరగతిలో అధికారులు చెప్పినచోటే నింపించుకోవాలి, మూతకి సీలు వేస్తారు. ఫ్యూయల్ తరగతిలో నైట్రో పోసుకున్నా దొంగతనం కాదు, నీలాగే పోసుకున్నవాళ్లతోనే నీకు పోటీ. దాచుకోవాల్సిన పని లేకపోవడంతో పాళ్ల గురించి పక్క డేరావాడితో మాట్లాడుకోవచ్చు. డబ్బాలో ఎంతుందో చెబుతారు, ఏ జెట్టు వేశారో మాత్రం చెప్పరు.

ఉప్పు మీద ఎండ ఎక్కేసరికి ఇంధనం వ్యాకోచించి పలచబడుతుంది, కడ్డీ పొద్దున చూపిన అంకె చూపదు. అందుకే హైడ్రోమీటరు పక్కనే ఒక థర్మామీటరు, ఏ వేడికి ఎంత సవరించాలో చెప్పే పట్టిక అట్టముక్క మీద. వరసలో తమ వంతు వచ్చేలోగా డబ్బా మూత తీసి మళ్లీ ఒకసారి ముంచి చూసుకుంటారు.