మరుగునపడిన రచనలు, కొత్త రచనలు: కాటలిస్ట్ క్వార్టెట్ వాదనంపై ఒక పరిశీలన

వయొలిన్ అనగానే కచేరీలో గాయకుని పక్కన కూర్చుని అతని వెంట నడిచే వాద్యం మీకు గుర్తుకు వస్తుంది. పాశ్చాత్య సంగీతంలోని స్ట్రింగ్ క్వార్టెట్ అలా ఉండదు. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో మాత్రమే ఉంటాయి. గాయకుడు లేడు, కండక్టర్ లేడు. నాలుగు వాద్యాలకూ నాలుగు వేర్వేరు స్వరపంక్తులు ఉంటాయి. చిన్న గదిలో, కొద్దిమంది శ్రోతల ముందు వాయించడానికి పుట్టిన ఈ ప్రక్రియనే ఛాంబర్ సంగీతం అంటారు.

విమర్శకు ఇంకొక తేడా ముఖ్యం. మన కీర్తన గురువు నోటి నుంచి శిష్యుని నోటికి చేరి బతకగలదు. అక్కడి రచన ప్రధానంగా కాగితాన్ని నమ్ముకుని ఉంటుంది. ఆ కాగితం అచ్చు కాక, ఎవరూ వాయించకపోతే రచన ఉండీ లేనట్టే.

అమెరికాకు చెందిన నల్లజాతి స్వరకర్త ఫ్లారెన్స్ ప్రైస్ (1887-1953) విషయంలో జరిగింది ఇదే. 1933లో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా ఆమె మొదటి సింఫనీని వాయించింది. అయినా ఆమె మరణానంతరం అనేక రచనలు కనుమరుగయ్యాయి. 2009లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని సెయింట్ ఆన్ అనే ఊళ్లో, పాడుబడిన ఒక ఇంటిని బాగుచేయించబోయిన దంపతులకు ఆమె చేతిరాత ప్రతులు కట్టలుగా దొరికాయి. ఒకప్పుడు అది ఆమె వేసవి విడిది.

2010లో ఏర్పడిన కాటలిస్ట్ క్వార్టెట్ ఇలాంటి స్వరకర్తల రచనలను 'అన్‌కవర్డ్' పేరుతో వరుసగా రికార్డు చేసింది. 2021లో వచ్చిన మొదటి సంపుటం లండన్ స్వరకర్త శామ్యూల్ కోల్‌రిడ్జ్-టేలర్‌ది, 2022లో వచ్చిన రెండవది ప్రైస్‌ది. ఆ పేరుకు 'మరుగు తొలగించినది' అని అర్థం. ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి: మరచినది ఎవరు? 1939లో వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు, 75,000 మంది ఎదుట మేరియన్ ఆండర్సన్ పాడిన పాటల్లో ప్రైస్ స్వరపరచిన ఆధ్యాత్మిక గీతం ఒకటి. నల్లజాతి గాయకులు ఆమెను మరచిపోలేదు. మరచినవి పెద్ద సంగీత సంస్థలు. ఈ తేడాను ఆ శీర్షిక కప్పివేస్తోంది.

వాదనం మాత్రం గట్టిది. ప్రైస్ 1935లో రాసిన ఎ మైనర్ క్వార్టెట్‌లోని మూడవ భాగం 'జూబా' వినండి. జూబా బానిసల నృత్యం. డోళ్లు వాయించడాన్ని యజమానులు నిషేధించిన చోట్ల వారు చేతులు, తొడలు, ఛాతీ చరుస్తూ లయ పట్టేవారు. దేహంపై పుట్టిన ఆ దరువును ప్రైస్ నాలుగు తంత్రీవాద్యాలకు అప్పగించింది. ఇందులో బృందం చేసిన మంచి పని, దీన్ని ముచ్చటైన జానపద తునకగా తేల్చేయకపోవడం. మొదటి వయొలిన్ ఎంత హుషారుగా పోతున్నా కింది వాద్యాలు అడుగు బిగించే ఉంటాయి. మొదటిసారి రాగాన్ని, రెండవసారి చెల్లోను మాత్రమే అనుసరించి వింటే సంగతి తెలుస్తుంది.

అన్ని రచనలూ ఈ స్థాయిలో లేవు. 'ఫైవ్ ఫోక్‌సాంగ్స్ ఇన్ కౌంటర్‌పాయింట్'లో 'కాల్వరీ' గీతం లోతుకు దిగుతుంది. 'క్లెమెంటైన్' అల్లికలో నేర్పు ఉంది కాని, నేర్పు దగ్గరే ఆగిపోయింది. ఈ మాట చెప్పడానికి సంకోచించనక్కరలేదు. ఆమెకు అన్యాయం జరిగిందని ప్రతి రచననూ పొగడడం ఇంకొక రకం చిన్నచూపు. బీతోవెన్ రచనల్లో బలహీనమైనవాటిని ఎంచే విమర్శకుడు ప్రైస్‌కూ అదే గౌరవం ఇవ్వాలి.

ఇక కొత్త రచన. ఈ బృందంలో కొన్నేళ్లు వయొలిన్ వాయించిన జెస్సీ మాంట్‌గొమరీ 'స్ట్రమ్' అనే రచన చేసింది. 2006లో ఐదు వాద్యాలకు మొదలైన ఈ రచన, మార్పులు పొంది 2012లో ఈ క్వార్టెట్ కోసం తుదిరూపం దాల్చింది. ఇందులో కమాను పక్కనపెట్టి తీగలను వేళ్లతో మీటుతారు. ఆ మీటు ఒక వాద్యం నుంచి ఇంకొక వాద్యానికి చేతులు మారుతూ పోతుంది. 'జూబా' విన్న వెంటనే దీన్ని వింటే రెండింటిలోనూ లయను చేతులే నడుపుతున్నాయని తోస్తుంది. మొదటి రెండు సంపుటాల్లో పాటించిన, ఒకే స్వరకర్తకు ఒక సంపుటం అనే పద్ధతి భద్రపరచడానికి మంచిదే కాని, ఈ పోలికకు చోటివ్వదు. పాతదీ కొత్తదీ ఒకే కచేరీలో పక్కపక్కన వాయించినప్పుడు ప్రైస్ దొరికిన ప్రతిలా కాక, సాటి స్వరకర్తలా వినిపిస్తుంది. మీరు వినేటప్పుడు ఈ రెండింటినీ అదే వరుసలో పెట్టుకుని చూడండి.