ఏ వెర్షన్‌కి విధేయత?

సినిమా చూసొచ్చి, దాని ఆధారంగా వచ్చిన నవల చదివినవాళ్ళు మొదట అనే మాట, "సినిమాలో ఇలా లేదే!" అని. ఈ ఫిర్యాదు నాకు కొంచెం వింతగా ఉంటుంది. ఇలాంటి నవలలు చాలావరకు సినిమా చూసి రాసినవి కావు, స్క్రిప్టు చూసి రాసినవి. విడుదల నాటికి పుస్తకం షాపుల్లో ఉండాలి కాబట్టి, ఎడిటింగ్ అయ్యేదాకా రచయిత ఆగలేడు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, పాత కమిట్ నుంచి తీసిన బ్రాంచ్ అది. తర్వాత మెయిన్‌లో ఏం మారిందో దానికి తెలీదు.

'స్టార్ వార్స్' నవల అయితే 1976లోనే వచ్చేసింది, సినిమా వచ్చింది 1977లో. అట్ట మీద జార్జ్ లూకాస్ పేరుంటుంది గానీ రాసింది అలన్ డీన్ ఫాస్టర్. ఆయనే 1979లో 'ఏలియన్' నవల కూడా రాశాడు. సినిమాలో గాలి గొట్టాల్లో మాయమైపోయే కెప్టెన్ డల్లస్, నవలలో మళ్ళీ కనిపిస్తాడు. గూడులాంటి దాంట్లో చిక్కుకుని, తనని చంపేయమని రిప్లీని వేడుకుంటాడు. ఈ సీను తీశారు కూడా. వేగం తగ్గుతోందని రిడ్లీ స్కాట్ కత్తిరించేశాడు. 2003లో డైరెక్టర్స్ కట్‌లో మళ్ళీ పెట్టారు. అంటే 24 ఏళ్ళు సినిమాలో లేని సీనుతో తిరిగిన పుస్తకం, ఒక్కసారిగా సినిమాకి దగ్గరైపోయింది. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు!

(మనకీ వెండితెర నవలలుండేవి. ముళ్ళపూడి వెంకటరమణ కూడా రాశారు. వీడియో క్యాసెట్లు లేని రోజుల్లో సినిమాని ఇంటికి తెచ్చుకోడానికి అదొక దారి. అది వేరే వ్యాసం.)

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'. దీన్ని మామూలు నవలీకరణ అనలేం. ఆర్థర్ సి. క్లార్క్, స్టాన్లీ కుబ్రిక్ కలిసే కథ తయారుచేసుకున్నారు. సినిమా 1968 ఏప్రిల్‌లో, పుస్తకం కొన్ని నెలల తర్వాత వచ్చాయి. సినిమాలో నౌక గురుగ్రహానికి వెళ్తుంది, నవలలో శనికి. శని వలయాలు తెర మీద నమ్మేలా రాకపోవడంతో కుబ్రిక్ గురుడి దగ్గరే ఆగిపోయాడు. ఈ తేడాని నేను పెద్దగా పట్టించుకోను.

అసలు తేడా హాల్ అనే కంప్యూటర్ విషయంలో ఉంది. అది మనుషుల్ని ఎందుకు చంపుతుందో సినిమా తేల్చి చెప్పదు. క్లార్క్ చెప్పేస్తాడు. అబద్ధమాడటం తెలియని యంత్రానికి, ప్రయాణం అసలు ఉద్దేశాన్ని సిబ్బంది దగ్గర దాచమని ఆదేశం. ఆ రెండింటి మధ్య నలిగి చెడిపోయిందట. ప్రోగ్రామర్‌గా ఆ పేజీలు నాకు భలే నచ్చుతాయి. ఒకదానికొకటి పొసగని రిక్వైర్‌మెంట్లు ఇచ్చి, తప్పంతా సిస్టమ్ మీదకి నెట్టేయడం మా ఫీల్డులో ఎవరికి తెలీదు? హాల్ మీద జాలి కూడా కలుగుతుంది. కానీ భయం పోతుంది. సినిమాలో బోమన్ బయట పాడ్‌లోంచి తలుపు తెరవమని అడుగుతుంటే, హాల్ ఎంతో మర్యాదగా కుదరదంటుంది. ఆ సీను నవలలో లేనే లేదు. ఉన్నా, కారణం ముందే తెలిసిన పాఠకుడికి ఆ మర్యాద అంత వణుకు పుట్టించేది కాదు. గ్రహం మారినందుకు కాదు, ఇందుకే ఆ నవల సినిమాకి దూరం అంటాను.

తమాషా ఏంటంటే, 1982లో '2010: ఒడిస్సీ టూ' రాసినప్పుడు క్లార్క్ తన శనిని వదిలేసి, కుబ్రిక్ గురుడి దగ్గర్నుంచే కథ అందుకున్నాడు. హాల్ ఎందుకలా చేసిందన్న వివరణని మాత్రం వదల్లేదు.