పేర్లు పోయేదాకా పాట విందాం

శుభం కార్డు పడకముందే కుర్చీ కింద చెప్పులు వెతుక్కునే అలవాటు మనది. మా జహీరాబాద్‌లో అయితే మరీనూ. సెకండ్ షో వదిలాక ఊళ్లకు పోయే ఆటో దొరుకుతుందో లేదోనన్న తొందర, తప్పు పట్టలేం. అలాంటి జనాన్ని కూడా కదలనివ్వని పాట 2022లో వచ్చింది. 'ఆర్ఆర్ఆర్' చివర 'ఎత్తర జెండా'.

ఆ పాట ఎక్కడ మొదలవుతుందో గమనించండి. యుద్ధం ముగిసింది. నీకేం కావాలని రామ్ అడుగుతాడు, చదువు కావాలంటాడు భీమ్. జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రామ్ రాసిస్తాడు. తెర మీద జెండా ఉండగానే జెండా పాట అందుకుంటుంది. కథ వదిలిన కొసను పాట పట్టుకుందన్నమాట. చివరి పాట పెట్టే విద్యలో మొదటి మెళకువ ఇదే. ఎన్టీఆర్, రామ్‌చరణ్, ఆలియా భట్‌ల స్టెప్పులు, వాటితో పాటే బోసు, భగత్‌సింగ్, టంగుటూరి ప్రకాశం, కిత్తూరు చెన్నమ్మ బొమ్మలు. గాంధీ బొమ్మేదని గొడవ చేసినవాళ్లున్నారు. ఆ గొడవ వాళ్లకే వదిలేద్దాం. మూడు గంటలు అరిచి అలసిపోయిన హాలును మళ్లీ లేపి నిలబెట్టడం సంగీత దర్శకుడు కీరవాణికి చెల్లింది, ఇంకొకరికి చెల్లదు. నేను ఆయన పక్షమే, దాపరికం లేదు.

హరికథకైనా యక్షగానానికైనా చివర మంగళం పాడటం మనకు ఉన్నదే. సినిమా దాన్ని ఆలస్యంగా అందుకుంది. పాత సినిమాల్లో పేర్లన్నీ ముందే వేసేసేవారు, చివర ఒక్క శుభంతో సరి.

పాప్, రాక్ పాటలతో సినిమాకు మంగళం పాడటంలో హాలీవుడ్‌వాళ్లు దిట్టలు. 1985 నాటి 'ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్'లో కుర్రాడు మైదానంలో నడుస్తూ పిడికిలి ఎత్తుతాడు, బొమ్మ అక్కడే ఆగిపోతుంది, సింపుల్ మైండ్స్ పాట సాగుతూనే ఉంటుంది. అదే పాట సినిమా మొదట్లోనూ వస్తుంది. అప్పుడు ఆ పిల్లలెవరో మనకు తెలియదు. చివర్లో విన్నప్పుడు గొంతు పట్టేస్తుంది. 'మ్యాట్రిక్స్' (1999) చివర నియో ఫోన్ పెట్టేసి ఆకాశంలోకి దూసుకుపోతుంటే రేజ్ ఎగైనెస్ట్ ది మెషీన్ గిటార్లు విరుచుకుపడతాయి. టీవీలో 'ది సొప్రానోస్' తీసిన డేవిడ్ చేజ్‌ది ఇంకా పెద్ద గుండె. ఎపిసోడ్‌కో పాట ఏరి పెట్టినవాడు, 2007లో ఆఖరి ఎపిసోడ్‌లో జర్నీ బృందం పాటను మధ్యలో తెంపేసి, తెర నల్లగా చేసి, పేర్లను నిశ్శబ్దంలో నడిపించాడు. పాట విలువ తెలిసినవాడికే దాన్ని ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

మనవాళ్లేం తక్కువ తినలేదు. 'స్లమ్‌డాగ్ మిలియనీర్' చివర ముంబై రైల్వే ప్లాట్‌ఫాం మీద ఆడిన 'జై హో'కు 2009లో రెహమాన్ ఆస్కార్ అందుకున్నాడు. రోలింగ్ టైటిల్స్ పాట కదా అని తీసిపారేసేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. హిందీలో 'మై హూ నా' చివర ఫరా ఖాన్ తన యూనిట్‌వాళ్లను తెర మీదికి తెచ్చింది. 'మగధీర'లో (2009) 'అనగనగనగా' పాటకు రాజమౌళి యూనిట్ ఆడిపాడింది. కెమెరా వెనకాల ఉండిపోయే మనుషులు ఆ కాసేపు హీరోలు. ఇంతకంటే మంచి మర్యాద ఉందా?

ఇక నకిలీ సరుకు సంగతి. కథతో సంబంధం లేని ప్రమోషనల్ పాటను ఎక్కడ పెట్టాలో తెలియక చివర్లో పారేయడం ఇప్పుడు ఫ్యాషన్. 'చెన్నై ఎక్స్‌ప్రెస్' (2013) చివర 'లుంగీ డాన్స్' ఎంత మోగినా మోగనీ, ఆ కథలో అది పుట్టలేదు. రజనీకాంత్‌కు దండం పెట్టుకోవడానికి వేరే చోటు చూసుకోవాల్సింది. ఇంకొందరు సినిమాలో ఒకసారి విన్న పాటకే బీటు పెంచి రీమిక్స్ అంటారు. కూర చెడిందని కారం దట్టించినట్టు.

దానికంటే ఒళ్లు మండేది థియేటర్ల తీరు. పాట పల్లవి దాటకముందే లైట్లేసి, తలుపులు బార్లా తీసి, చీపుర్లతో దిగుతారు. ఓటీటీ ఇంకా అన్యాయం. పేర్లు మొదలవగానే బొమ్మను మూలకు నొక్కేసి తర్వాత ఏం చూస్తావని అడుగుతుంది. ఆ సన్న అక్షరాల్లో పోయేది ఎవరు? లైట్‌మెన్, కాస్ట్యూమర్లు, డబ్బింగ్ కళాకారులు, ప్రొడక్షన్ బాయ్‌లు. నెలల తరబడి చాకిరీ చేసినవాళ్ల పేరు తెర మీద ఉండేది రెండు మూడు సెకన్లు. ఆ పేర్లు పోయేదాకా మనల్ని కూర్చోబెట్టడానికే ఆ పాట.

అందుకే థియేటర్ యజమానులకు ఒక్క విన్నపం. చివరి పేరు పైకి పోయేదాకా లైట్లు వేయకండి. ప్రేక్షకులారా, మీరూ ఆ నాలుగు నిమిషాలు కూర్చోండి. ఆటోవాడు ఆగుతాడు.