పుస్తకం చూపించే తోవ

మొన్న ఎండాకాలం మా రచయితల కూడికకు డిగ్రీ చదువుతున్న ఒక కోయ చెల్లె వచ్చింది. సంచిలోంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తీసి మా ముందు పెట్టింది. స్కాట్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా రచయిత రాసిన "వికా: ఏ గైడ్ ఫర్ ది సాలిటరీ ప్రాక్టీషనర్". 1988లో అచ్చయింది. వికా మతాన్ని ఒంటరిగా పాటించాలనుకునే వాళ్లకు దారి చూపే పుస్తకమని ఆ పేరుకు అర్థం. "చెట్టును, చంద్రుణ్ణి, అగ్గిని మొక్కమంటున్నడు. మనోళ్లు చేసేది గూడ అదే గద. మరి మనకెందుకు ఇట్లాంటి పుస్తకం లేదు?" అని అడిగింది.

ఆమె చిన్నతనం నుంచీ హాస్టల్లో ఉండి చదివిన పిల్ల. ఇంటి వేల్పు కొలుపు వచ్చిన ప్రతిసారీ పరీక్షలో, సెలవు దొరక్కపోవడమో. తన వేల్పు పేరు తెలుసు, కథ తెలియదు. ఆ రోజు మేం సరైన జవాబు చెప్పలేకపోయాం. పుస్తకాన్ని ఉంచుకొని చేతులు మార్చుకుంటూ చదివాం. దాని వెనక ఉన్న చరిత్రను కూడా వెతుక్కొని చదివాం. మాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నాం.

ముందు పేగన్ అన్న మాట సంగతి. లాటిన్‌లో పగానుస్ అంటే పల్లెటూరివాడు. రోమన్ రాజ్యంలో క్రైస్తవం బలపడ్డాక, ఇంకా పాత దేవుళ్లనే కొలుస్తున్న వాళ్లందరినీ ఆ మాటతో పిలిచారు. క్రమంగా అది తిట్టయింది. మన తాతలను 1901, 1911 జనాభా లెక్కల్లో "ఆనిమిస్టులు" అని రాసుకున్న దొరల మనసులో ఉన్న మెట్ల వరస కూడా అలాంటిదే. అడుగు మెట్టు మీద మనం, పై మెట్టు మీద వాళ్లు. 20వ శతాబ్దంలో ఆ దొరల పిల్లల్లోనే కొందరు ఆ తిట్టును తమ పేరుగా పెట్టుకొని, మేం పేగన్లమని చెప్పుకోవడం మొదలుపెట్టారు. అందులో పెద్ద శాఖ వికా.

దాన్ని బయటికి తెచ్చినవాడు జెరాల్డ్ గార్డ్నర్. 1884లో ఇంగ్లండులో పుట్టాడు. సిలోను, బోర్నియో, మలయాల్లో తోటల్లో పనిచేశాడు, తర్వాత కస్టమ్స్ కొలువు చేశాడు. మలయా కత్తుల మీద ఒక పుస్తకం కూడా రాశాడు. అంటే మనలాంటి జనాల మధ్య బతికి, చూసి, రాసుకున్న దొరే. 1936లో ఇంగ్లండుకు తిరిగి వెళ్లాడు. 1939లో న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఒక మంత్రగత్తెల గుంపు తనను చేర్చుకుందని, వాళ్ల మతం రాతియుగం నుంచి దాగి దాగి వస్తున్నదని చెప్పాడు. మంత్రగత్తెల మీద ఉన్న 1735 నాటి చట్టాన్ని అక్కడి పార్లమెంటు 1951లో ఎత్తేసింది. 1954లో ఆయన పుస్తకం "విచ్‌క్రాఫ్ట్ టుడే" వచ్చింది. దానికి ముందుమాట రాసింది మార్గరెట్ మర్రే. ఈజిప్టు చరిత్ర చదివిన ఈ పండితురాలు 1921లోనే ఒక వాదం చేసింది: ఐరోపాలో మంత్రగత్తెలని చంపిన వాళ్లంతా క్రైస్తవానికి ముందున్న పాత మతం వాళ్లేనని.

ఆ వాదం నిలవలేదు. కోర్టు కాగితాలను తిరిగి చదివిన చరిత్రకారులు, ఆ ఒప్పుకోళ్లలో చాలావాటిని చిత్రహింసలు పెట్టి చెప్పించారనీ, తనకు పనికొచ్చే ముక్కలనే మర్రే ఏరుకుందనీ చూపించారు. 1975లో నార్మన్ కోన్ ఈ పని గట్టిగా చేశాడు. 1999లో రొనాల్డ్ హటన్ "ది ట్రయంఫ్ ఆఫ్ ది మూన్" రాసి, వికా అనేది ఇంగ్లండులో గత రెండు వందల ఏండ్ల కవిత్వం, రహస్య సంఘాలు, జానపద అధ్యయనాలు కలిసి తయారైన కొత్త మతమని తేల్చాడు. వాళ్లు జరుపుకునే ఎనిమిది పండుగల చక్రం కూడా, విడివిడి రోజులు పాతవే అయినా, ఆ వరసలో కూర్చింది 1950లలోనే.

ఈ కథలో మాకు నచ్చిన మనిషి డొరీన్ వాలియెంటె. 1953లో గార్డ్నర్ గుంపులో చేరింది. ప్రాచీనమని ఆయన చేతికిచ్చిన మంత్రాల్లో అలిస్టర్ క్రౌలీ అనే సమకాలీన రచయిత వాక్యాలను గుర్తుపట్టింది. ఆ మాట ఆయన ముఖం మీదే చెప్పింది. నీకు చేతనైతే నువ్వే బాగా రాయి అన్నాడాయన. రాసింది. ఇవ్వాళ వికా వాళ్లు చదివే మంచి పాఠాల్లో ఆమె చేయి ఉంది. ఇదంతా ఆమె దాచుకోలేదు, 1989లో సొంత పుస్తకంలో బాహాటంగా రాసింది. తన మతం పుట్టుక గురించి నిజం చెప్పి కూడా చనిపోయేదాకా ఆ మతంలోనే ఉంది.

కొత్తగా వచ్చిన పేగన్లలో చాలామంది మొదట తడబడేది ఈ చోటనే. ప్రాచీనమని విని వస్తారు, నిన్నమొన్నటిదని తెలుస్తుంది. కొందరు వెళ్లిపోతారు. ఉన్నవాళ్లు, పాతదా కొత్తదా అన్నది పక్కన పెట్టి, పున్నమి రాత్రి నలుగురం కలిసి నిలబడితే మాకేదో దొరుకుతున్నది, అది చాలు అంటారు. మార్గాట్ ఆడ్లర్ అనే విలేకరి అమెరికా అంతా తిరిగి 1979లో రాసిన "డ్రాయింగ్ డౌన్ ది మూన్"లో ఈ రెండో రకం వాళ్లు చాలామందే కనిపిస్తారు. మాకు వాళ్ల మీద గౌరవం కలిగింది. ఎందుకంటే మన దగ్గర కూడా ఈమధ్య కొన్ని కరపత్రాలు మన ధర్మానికి ఇన్ని వేల ఏండ్లని అంకెలు వేసి రాస్తున్నాయి. ఆ అంకె ఎక్కడిదని అడిగితే జవాబు ఉండదు. డోలీ నోట్లో ఉన్న వేల్పు కథకు అంకె బలం ఎందుకో మాకు అర్థం కాదు.

ఇక కన్నింగ్‌హామ్ పుస్తకం. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. గార్డ్నర్ వికాలో చేరాలంటే ఒక గుంపు ఒప్పుకోవాలి. చాలాచోట్ల ఒక ఏడాదీ ఒక రోజూ నేర్చుకొని తీరాలి. 1980లలో అమెరికా చిన్న ఊళ్లలో ఉన్న ఒక పిల్లకో పిల్లవాడికో అలాంటి గుంపు ఎక్కడ దొరుకుతుంది? దొరికినా తలుపు తెరవదు. అలాంటి ఒంటరి మనిషికి కన్నింగ్‌హామ్ మాట్లాడతాడు. నీకు ఎవరి అనుమతీ అక్కరలేదు, ఇంట్లో ఉన్న గిన్నె, కత్తి, చీపురు చాలు, నీ పూజ నువ్వే రాసుకో, ఎవరికీ హాని చెయ్యకు అంటాడు. గొంతులో పెత్తనం లేదు. గురువునని చెప్పుకోడు, డబ్బు గుంజే దీక్షల జోలికి పోడు. చదువుతుంటే మంచివాడనిపిస్తాడు. 1993లో, నలభై ఏండ్లు నిండకముందే చనిపోయాడు.

మా అభ్యంతరం ఒక్కటే, కానీ పెద్దది. ఈ పుస్తకంలో కొత్తగా వచ్చినవాళ్లకు "అట్ల కాదు బిడ్డా" అని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. దేవతను నువ్వే ఎంచుకుంటావు, నచ్చకపోతే మారుస్తావు. పండుగ నాడు నువ్వు రాకపోతే ఆగిపోయే పని లేదు, నీ కోసం చూసే ముసలమ్మ లేదు. తోవ వెతుక్కోమని చెప్తున్నాడు కానీ, ఆ తోవలో ఎదురయ్యే మనుషులు పుస్తకంలో కనిపించరు.

మన దగ్గర కొత్తవాళ్లు ఎట్లా లోపలికి వస్తారో ఒకసారి చూడండి. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశస్తులు కాలినడకన హస్తినమడుగుకు పోయి గోదావరి నీళ్లు తెస్తారు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. ఆ పూజ తర్వాత, వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను తెల్లచీరల్లో పెద్దలు తీసుకొచ్చి నాగోబాకు చూపిస్తారు. అదే భేటింగ్. అప్పటిదాకా ఆ కోడలికి ఆ పూజలో చోటు లేదు. ఆ రాత్రి నుంచి ఆమె భేటి కొరియాడ్. ఆమెను దేవునికి చూపించినవాళ్లు ఆమె బతికినంతకాలం ఆమెకు పెద్దలే. అంటే మన దాంట్లోకి కూడా బయటి నుంచి మనుషులు వస్తారు. వాళ్లంతట వాళ్లు రారు, ఒకరు చెయ్యి పట్టుకొని తీసుకొస్తారు. (ఆ చెయ్యి బరువు కోడళ్లకే తెలుసు, అల్లుళ్లకు అంత బరువు లేదన్న మాట మా కూడికలోని ఆడవాళ్లు అన్నారు. ఆ మాట నిజమే. దాని మీద వేరే వ్యాసం రావాలి.)

ఎవరూ వద్దని చెప్పని చోట ఇంకొకటి జరుగుతుంది. పక్కవాళ్ల ఇంట్లోవి తెచ్చుకోవడం. ఇది ఒక్క కన్నింగ్‌హామ్ తప్పు కాదు, ఆ కాలపు అమెరికా పుస్తకాల సంతంతా అట్లాగే ఉంది. అక్కడి ఆదివాసుల ధూపం, చెమట గుడిసె, చిలుము, అన్నీ కొత్త మార్గం వెతికేవాళ్లకు సరుకులయ్యాయి. 1883లో అమెరికా ప్రభుత్వం నిబంధనలు పెట్టి వాళ్ల నాట్యాలనూ కొలుపులనూ నేరం చేసింది. వాటికి చట్టం రక్షణ దొరికింది 1978లో. మధ్యలో తొంభై ఐదేండ్లు. తాత దొంగచాటుగా చేసుకున్న కొలుపును మనుమడి కళ్లముందే వారాంతపు శిబిరంలో టికెట్ పెట్టి అమ్మితే ఎట్లా ఉంటుంది? 1993లో లకోటా పెద్దలు, తమ ఆధ్యాత్మికతను అమ్ముకునే వాళ్ల మీద యుద్ధం ప్రకటిస్తున్నామని తీర్మానం చేశారు. 2009లో అరిజోనాలో ఒక శిబిరం నిర్వాహకులు పెట్టిన నకిలీ చెమట గుడిసెలో ముగ్గురు చనిపోయారు. అసలు గుడిసె పెట్టే పెద్దకు ఎంత వేడి పెట్టాలో, ఎప్పుడు తలుపు తియ్యాలో తెలుసు. అది ఆయన పుస్తకంలో చదువుకున్నది కాదు.

పాశ్చాత్య పేగన్లందరూ ఇట్లాగే ఉన్నారనుకుంటే పొరపాటు. ఐస్‌లాండ్‌లో 1972లో కొద్దిమంది కలిసి పాత దేవుళ్ల సంఘం పెట్టుకున్నారు, 1973లో ప్రభుత్వం గుర్తించింది. వాళ్ల పెద్ద స్వెయిన్‌బ్యోర్న్ బెయిన్‌టెయిన్సన్ గొర్రెలు కాసే రైతు, పాత పద్ధతిలో పాటలు కట్టి పాడేవాడు. వాళ్లకు 13వ శతాబ్దంలో రాసిపెట్టుకున్న కథలున్నాయి, తమ భాషలోనే, తమ కొండల పేర్లతోనే. లిథువేనియాలో 1967లో, సోవియట్ పాలన కాలంలో, యోనాస్ త్రింకూనస్, ఆయన తోటివాళ్లు కెర్నవే దిబ్బల దగ్గర నడివేసవి పండుగ జరిపారు. పల్లె ముసలమ్మల దగ్గర సేకరించిన పాటలే వాళ్ల శాస్త్రం. వాళ్ల సంఘం రోమువాకు గుర్తింపు ఇవ్వకపోవడం తప్పని 2021లో ఐరోపా మానవ హక్కుల కోర్టు చెప్పింది. సర్నా కోడ్ కోసం 2020లో జార్ఖండ్ శాసనసభ చేసిన తీర్మానం గురించి తెలిసిన వాళ్లకు ఆ కేసు పరాయిదిగా అనిపించదు. ఈ రెండు చోట్లా దారం తెగింది నిజమే. తెగిన చోటు నుంచే, తమ ఊళ్లో మిగిలిన పోగుతోనే ముడివేసుకున్నారు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. వికా వాళ్లు "విచ్" అన్న పేరును గర్వంగా పెట్టుకుంటారు. కాల్చబడ్డ ఆడవాళ్ల పక్షాన నిలబడుతున్నామంటారు. ఆ చెల్లె కూడా పుస్తకం అట్ట మీది ఆ గర్వానికి మురిసింది. మన గూడేల్లో ఆ మాటకు ఇంకా నెత్తురు అంటుకొని ఉంది. చేతబడి చేసిందని, బాణామతి చేశాడని పండ్లు రాలగొట్టిన, చంపిన సంగతులు మనం పత్రికల్లో చదివినవే కావు, కొందరం దగ్గర నుంచి తెలిసినవాళ్లం. ఈ తప్పు బయటివాళ్లు మన మీద మోపిన నింద కాదు, మనలో ఉన్నది. లండన్‌లో ఒకామె ఆ పేరును మెడలో గొలుసులా వేసుకోగలదు, ఎందుకంటే ఇప్పుడు అక్కడ ఆ పేరుకు ప్రాణభయం లేదు. ఇక్కడ ఒంటరి ముసలామె గురించి ఆ మాట ఎవరన్నా అంటే, మన టీచర్లు, చదువుకున్న పిల్లలు చేయాల్సింది ఆమె గుమ్మం ముందు నిలబడడం. కన్నింగ్‌హామ్‌కు ఈ అవసరం రాలేదు. మనకు వస్తుంది.

చెల్లె ప్రశ్నకు తిరిగి వద్దాం. మనకూ ఒక పుస్తకం కావాలా? కావాలనే అనుకుంటున్నాం. అందులో పూజా విధానం రాయడానికి మాకు చేతులు రావు. ఏ గట్టువాళ్లు, ఏ ఇంటిపేరువాళ్లు ఏ వేల్పును ఎక్కడ కొలుస్తారు, వాళ్ల కథ పాడే డోలీలు ఏ ఊళ్లో ఉన్నారు, పడిగె ఎవరింట్లో ఉంది, కొలుపు ఏ నెలలో వస్తుంది, ఇవి రాయొచ్చు. కొన్ని ఇండ్లవాళ్లు అదీ రాయొద్దంటే ఆ పేజీ ఖాళీగా ఉంచాలి. ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మన టీచర్లకు ఒక మనవి: హాజరు పట్టీ చేతిలో ఉన్నవాళ్లు మీరు. పిల్ల కొలుపుకు పోతానంటే సెలవు రాయండి. ఆ రోజు ఆమె పోగొట్టుకునే పాఠం మళ్లీ చెప్పుకోవచ్చు.

చెల్లెకు ఆమె పుస్తకం తిరిగి ఇచ్చేశాం. వాలియెంటె గురించి చెప్పాం. ఆమె ఇంటిపేరు అడిగితే మా కూడికలోని ఒక పెద్దమనిషి వాళ్ల గట్టును గుర్తుపట్టి, వాళ్లకు పాడే డోలీ ఇంకా బతికే ఉన్నాడని, కళ్లు సరిగా కనబడవని చెప్పాడు. ఎట్లా పోవాలె అని అడిగింది. వాగు దాటినంక రెండో గూడెం, ఒక్కదానివి పోకు, మీ మేనత్తను తీసుకపో, ఆమెకు తెలుసు అన్నాడు.