మార్కుల పట్టికయు, కొండపల్లి ఏనుగును

ఒక వస్తువును మార్చి చేయుటకు పలు ఆలోచనలు వచ్చినప్పుడు వానిలో మేలైన దానిని ఎట్లు ఎన్నుకొనవలెను? ఇంజనీరింగు తరగతులలో ఇందుకు ఒక పట్టికను నేర్పుదురు. ప్రతి ఆలోచనకు ఒక్కొక్క గుణమునకు మార్కులు వేసి, కూడి, ఎక్కువ వచ్చినదానిని గ్రహింతురు. పద్ధతి సులభమే. అది ఎంతవరకు నమ్మదగినదో కొండపల్లి బొమ్మపై పరీక్షింపవచ్చును.

కొండపల్లి అంబారీ ఏనుగును తెల్లపొణికి కర్రతో చేయుదురు. ఈ కర్ర మెత్తనిది, తేలికైనది. భాగములను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, రంగులు వేయుదురు. పొణికి చెట్లు తగ్గుటచే కర్ర దొరకుట కష్టమైనది. కనుక మూడు ఆలోచనలు వచ్చినవనుకొనుడు: అదే కర్రతో చిన్న ఏనుగు, ఏటికొప్పాకలో వలె అంకుడు కర్రను లేతు యంత్రముపై త్రిప్పి చేసిన ఏనుగు, అచ్చుపోసిన ప్లాస్టిక్కు ఏనుగు.

వెల, మన్నిక, భద్రత, రూపము అను నాలుగు గుణములకు పదేసి మార్కుల చొప్పున ఒక తరగతి ఇట్లు వేసినదనుకొనుడు. చిన్న ఏనుగునకు 5, 4, 6, 8, మొత్తము 23. లేతు ఏనుగునకు 6, 7, 7, 2, మొత్తము 22. ప్లాస్టిక్కునకు 9, 8, 6, 1, మొత్తము 24. గెలిచినది ప్లాస్టిక్కు! కొండపల్లి బొమ్మను కాపాడబోయి దానినే పోగొట్టుకొన్నట్లయినది. వెలలో వచ్చిన లాభము రూపములోని నష్టమును కప్పివేసినది. వదలుకొనరాని గుణమును కూడికలో చేర్చుటయే ఇందలి మొదటి దోషము.

రూపమునకు రెట్టింపు విలువ ఇచ్చినచో వరుసగా 31, 24, 25 వచ్చును. చిన్న ఏనుగు గెలుచును. ఫలితము చూచిన పిమ్మట విలువలు మార్చుట ఇష్టమైనదానిని సమర్థించుకొనుటయే యగును. ఇది రెండవ దోషము.

కొలువదగిన దానికి అభిప్రాయముతో మార్కు వేయుట మూడవ దోషము. పొడవు, వెడల్పు, ఎత్తులను 10 అంగుళములకు 8 చొప్పున తగ్గించినచో ఘనపరిమాణము 0.8 × 0.8 × 0.8, అనగా 0.512 వంతగును. కర్ర ఇంచుమించు సగము మిగులును. రంగు వేయు ఉపరితలము మాత్రము 0.64 వంతు ఉండును. కుంచెపని అంతగా తగ్గదు, పైగా మరింత సన్ననిదగును.

బ్రిటిష్ ఇంజనీరు స్టూవర్ట్ ప్యూ 1981లో వివరించిన పద్ధతి ఇంతకంటె మేలైనది. అందు ఇప్పుడున్న వస్తువును ప్రమాణముగా పెట్టుకొని, ప్రతి ఆలోచన దానికంటె మెరుగా, తక్కువా, సమానమా అని మాత్రమే గుర్తింతురు. పిమ్మట మంచి ఆలోచనలలోని లోపములను సవరించి, ఒకదాని మేలును మరొకదానితో కలుపుదురు. లేతుపై తొండము రాదు. గుండ్రని భాగములు చక్కగా వచ్చును. కాబట్టి అంబారీలోని గుండ్రని భాగములను అంకుడు కర్రతో త్రిప్పి, ఏనుగును పొణికితో చెక్కవచ్చును. ఈ నాలుగవ ఆలోచన మార్కుల మొత్తమునుండి పుట్టునది కాదు.

ఉపాధ్యాయులు పట్టికను పూర్తిగా విడువనక్కరలేదు. వదలుకొనరాని గుణములను ముందే వేరుచేయించి, విలువలను ముందే నిర్ణయింపజేసి, కొలువదగినవానిని కొలిపించిన చాలును. ఆపైన ఒక నమూనా చేయించి, బొమ్మలు చెక్కు పనివానికి చూపవలెను. ఏ భాగము చేతికి లొంగదో అతడు చెప్పగలడు.